3,60,360: ఒక్క సంఖ్యలో ఎన్ని లెక్కలో!



పరీక్ష పేపర్‌లో పెద్ద సంఖ్య కనిపించగానే కొందరు పిల్లలు ఆ లెక్క వదిలేసి పక్క లెక్కకు వెళ్లిపోతారు. పద్ధతి వాళ్లకు వచ్చు, సంఖ్య పొడవు చూసి భయపడతారు. ఇంట్లో సాయం చేద్దామంటే "ఇంగ్లిష్ మీడియం లెక్కలు మాకేం తెలుస్తాయి మేడమ్" అని మీలో కొందరు వెనక్కి తగ్గుతారు. పిల్లల పుస్తకంలోని ఎల్‌సీఎం, తెలుగు మీడియంలో చదివిన క.సా.గు. రెండూ ఒకటే. ఫ్యాక్టర్లు అంటే కారణాంకాలే. ఈ నెల ఒక్క సంఖ్యతో ఆ పాఠం చూద్దాం.

మన సంఖ్య 3,60,360. దీన్ని 1 నుంచి 15 వరకు దేనితో భాగించినా శేషం సున్నా. అలాంటి సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది.

ఎలా వచ్చింది?

15 లోపు ప్రధాన సంఖ్యలు (ప్రైమ్ నంబర్లు) 2, 3, 5, 7, 11, 13. 8తో భాగించాలంటే మూడు 2లు కావాలి. 9కి రెండు 3లు కావాలి. మిగతావి ఒక్కొక్కటి చాలు.

8 × 9 × 5 × 7 × 11 × 13 = 3,60,360

14 కోసం కొత్తగా ఏమీ చేర్చలేదు, ఎందుకంటే 2, 7 ఇప్పటికే ఉన్నాయి. 15 కోసం 3, 5 ఉన్నాయి. 16తో మాత్రం భాగిస్తే 8 మిగులుతుంది. 16కి నాలుగు 2లు కావాలి, మన దగ్గర ఉన్నవి మూడే.

ఎన్ని కారణాంకాలు?

ఒక్కొక్కటిగా రాస్తే పేజీ నిండిపోతుంది. ఇలా లెక్కపెట్టండి. కారణాంకంలో 2 అసలు లేకపోవచ్చు, లేదా ఒకటి, రెండు, మూడు ఉండొచ్చు. అంటే నాలుగు దారులు. 3కి మూడు దారులు. 5, 7, 11, 13లకు తలా రెండు. 4 × 3 × 2 × 2 × 2 × 2 = 192. భాగహారం ఒక్కటి కూడా చేయలేదు!

కామా మారిస్తే...

మన పద్ధతిలో 3,60,360 అని రాస్తాం. అంతర్జాతీయ పద్ధతిలో 360,360. ఇప్పుడు 360 రెండుసార్లు ఉన్నట్టు కనిపిస్తోంది కదా! అంటే 360 × 1001. ఆ 1001 అంటే 7 × 11 × 13. కాబట్టి ఏ మూడంకెల సంఖ్యను పక్కపక్కనే రెండుసార్లు రాసినా, అది 7, 11, 13లతో శేషం లేకుండా పోతుంది.

ఆదివారం ఆడించండి

మీ పాపనో బాబునో ఒక మూడంకెల సంఖ్య అనుకోమనండి. ఉదాహరణకు 425. దాన్ని రెండుసార్లు రాస్తే 425425. 7తో భాగిస్తే 60775. దాన్ని 11తో భాగిస్తే 5525. దాన్ని 13తో భాగిస్తే మళ్లీ 425! "ఎందుకలా వచ్చింది?" అని అడగండి. జవాబు వెంటనే చెప్పేయకండి, కాసేపు ఆలోచించనివ్వండి.

పెద్ద లెక్క దగ్గర పిల్లలు ఆగిపోయినప్పుడు కూడా ఒక్క ప్రశ్న చాలు: "ఇది దేనితో పోతుంది?" తెలుగులోనే అడగండి. 2తోనో 3తోనో మొదలుపెడితే సంఖ్య చిన్నదవుతూ వస్తుంది, దాంతోపాటు భయమూ తగ్గుతుంది.