కాంటా చెప్పని మాట

ఏర్గట్ల పరిసరాల రైతు పసుపు బస్తాలతో నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళతాడు. అక్కడి కాంటా సరుకు ఎంత బరువో చూపిస్తుంది. తూకంలో మోసం జరిగితే సాక్ష్యాధారాలతో నిరూపించవచ్చు కూడా. కాని మోసం చేయరాదన్న మాట ఏ కాంటా మీదా కనిపించదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మానవ నైతికతకు హేతువు, సాక్ష్యం మాత్రమే పునాది కాగలవా?

కాగలవని నమ్మి, ఆ నమ్మకానికి కట్టుబడి జీవించినవారు తెలుగునేలపై ఉన్నారు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తిక భావాల కారణంగా ఉద్యోగాలు కోల్పోయారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. అంటరానితనాన్ని ఎదిరిస్తూ ఆయన సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేశారు. 1948లో సేవాగ్రాం ఆశ్రమంలో తమ కుమార్తెను దళిత యువకునికి ఇచ్చి వివాహం జరిపించారు. దైవాన్ని నిరాకరించేవారందరూ నీతి లేనివారని అనడం అన్యాయం. న్యాయాన్ని విధిగా చేసిన ధర్మాన్ని అనుసరించే మనకు అది తగదు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. మనుషులంతా సమానులని గోరాకు ఏ సాక్ష్యం చెప్పింది? బలంలో, తెలివిలో, సంపదలో మనుషులు సమానులు కారనే అనుభవం చెబుతుంది. ఉన్న విషయాల నుంచి ‘ఇలా ఉండాలి’ అన్న విధి తర్కంతో మాత్రమే పుట్టదని స్కాట్లాండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే ఎత్తి చూపాడు. ఆయన మతాన్ని సమర్థించినవాడు కాడు.

ఎక్కువమందికి మేలు చేసేదే నీతి అని కొందరు సమాధానమిస్తారు. ఆ కొలబద్దను మన జిల్లాలోనే పరీక్షించి చూద్దాం. ఇక్కడి పల్లెలలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు ఊరి మేలు పేరిట జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన ఉదంతాలు ఏళ్ల తరబడి వార్తలకెక్కుతున్నాయి. లెక్క వేస్తే ఊరంతా ఒకవైపు, ఒక్క కుటుంబం మరోవైపు. అయినప్పటికీ అది అన్యాయమేనని మన అంతరాత్మ ఘోషిస్తుంది. ఆ ఘోష లెక్కలో నుంచి పుట్టింది కాదు.

మంచిచెడుల స్పృహను సృష్టికర్తే మానవుని ఆత్మలో నిక్షిప్తం చేశాడని దివ్య ఖుర్‌ఆన్‌లోని అష్‌షమ్స్ సూరా తెలుపుతుంది. కనుక నాస్తికుని మంచితనం మన విశ్వాసానికి విరుద్ధమైనది కాదు, దానికి సాక్ష్యమే. బుద్ధి మంచిచెడులను గుర్తించగలదా అన్న విషయమై ముఅతజిలా, అష్‌అరీ పండితులు శతాబ్దాల క్రితమే వాదించుకున్నారు. బుద్ధి చాలా వరకు గుర్తించగలదని మాతురీదీ పండితులు అంగీకరించారు. ఇస్లాం బుద్ధిని తోసిపుచ్చదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అల్‌బఖరా సూరా ఆదేశించింది. ఏది న్యాయమో వెదకడానికి బుద్ధి కావాలి. నష్టం వచ్చినా, ఎవరూ చూడకపోయినా ఆ న్యాయానికి కట్టుబడడానికి మాత్రం అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలన్న ఎరుక కావాలి. అందుకే అన్నిసా సూరా మన మీద, మన తల్లిదండ్రుల మీద సైతం సత్యసాక్ష్యం చెప్పమంటుంది. తూకంలో తగ్గించేవారిని అల్‌ముతఫ్ఫిఫీన్ సూరా తీర్పుదినాన్ని గుర్తుచేసి హెచ్చరిస్తుంది.

ఈ మాట ఇతరులకు చెప్పడం సులభం. మరి మన ఇళ్లలో? నికాహ్ కుదిరే వేళ ‘జోడే కీ రకం’ అడిగేటప్పుడు, ‘అందరూ తీసుకుంటున్నారు కదా’ అంటాం. ఆ ఒక్క మాటతో మనమూ ఎక్కువమంది లెక్కనే నీతిగా చేసుకున్నట్లే, ఒక్క ఆడపిల్ల తండ్రిని ఊరి బయట నిలబెట్టినట్లే. గోరా దైవభయం లేకుండానే తన కూతురి పెళ్లిలో లోకం లెక్కను ఎదిరించారు. దైవభయం ఉందనే మనం మన బిడ్డల పెళ్లిళ్లలో ఎదిరించలేకపోతే, లోపం విశ్వాసానిది కాదు, మనదే.