కోడిపిల్లల కొత్త ఇల్లు

గంప కింద మూసిన కోడిపిల్లలు చూడ ముచ్చటగానే ఉంటాయి. కాని నెల తిరిగేసరికి ఆ గంప చాలదు. గూడు కట్టదలచినవారు ఇవాళ్టి పిల్లను చూసిగాక, రేపటి కోడిని చూసి కొలత వేసుకోవాలి.

మేము పన్నెండు వనరాజా పిల్లలు తెచ్చుకున్నాము. పెరటి పెంపకానికని హైదరాబాదు రాజేంద్రనగరంలోని కోళ్ల పరిశోధన సంస్థవారు తయారుచేసిన రకమది. నాలుగు వారాలదాకా పిల్లకు అర చదరపుటడుగు చాలు. ఎదిగిన కోడికి రెండు కావాలి. అంచేత గూడు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టించాను. ఎండ లోపలికి కొట్టకుండా పొడవును తూర్పు పడమరలుగా ఉంచాము.

పేచీ అంతా వల దగ్గర వచ్చింది. "కోళ్లవల చవక గదండీ, అది చాలదూ?" అన్నాడు వడ్రంగి. ఆ పలచని వల కోడిని లోపల ఆపుతుందే గాని, ముంగిసను బయట ఆపదు. మా పక్కవీధిలో ఒక్క రాత్రిలో తొమ్మిది పిల్లలు పోయాయి మరి! అరంగుళం కన్నున్న గట్టి ఇనపవల వేయించి, అంచు అడుగులోతు నేలలో పాతించాను. ఖర్చు చూసి మా ఆవిడ మొహం చిట్లించింది.

నేలన రెండంగుళాల ఊక పరిచాము. మొదటివారం బల్బు కింద 95 ఫారన్‌హీటు డిగ్రీల వేడి ఉండాలి. తరువాత వారానికి ఐదేసి తగ్గించాలి. పిల్లలు బల్బు కింద ముడుచుకుంటే చలి అన్నమాట; మూలలకు పారిపోతే వేడి ఎక్కువైందన్నమాట. ఏడోరోజు లోపల కొక్కెర తెగులుకు లాసోటా చుక్కలు వేయించడం మరువరాదు.

ఎనిమిదో వారంలో ఒక పుంజుపిల్ల పట్టె ఎక్కి కూయబోయింది. ఇంకా గొంతు పెగల్లేదు.