శ్రమకు ముందు శరీర సన్నాహము

మన శ్రీకాకుళము జిల్లాలో ఆమదాలవలస ప్రాంతమున పెరిగిన శ్రీమతి కరణము మల్లీశ్వరి 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ నగరమందలి ఒలింపిక్ వేదికపై ఒక పద్ధతిని 110 కిలోగ్రాములును, మఱియొక పద్ధతిని 130 కిలోగ్రాములును ఎత్తి కంచుపతకమును గెలిచిరి. ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో వారే మొదటివారు. చూచువారికి వేదికమీది కొన్ని క్షణములే కనబడును. కాని బరువులెత్తు పందెములలో వేదిక వెనుక వేఱొక గది యుండును. పోటీకి వచ్చినవారు అచట మొదట బరువు తగిలింపని వట్టి కడ్డీని ఎత్తి దింపుదురు. స్త్రీల కడ్డీ 15 కిలోగ్రాములు తూగును. పిదప కొంచెము కొంచెముగా బిళ్లలు చేర్చుకొనుచు, తమ పిలుపు వచ్చునప్పటికి శరీరమును సిద్ధము చేసికొందురు. ఎంతటి బలశాలినియైనను నూఱు కిలోగ్రాములమీద ఊరక చేయి వేయదు. క్రీడాశిక్షకులు దీనినే వార్మప్ అందురు. మనము సన్నాహమందము.

విశాఖపట్టణమున గోల్ఫ్ మైదానము కలదు. ఆ ఆట చూచుటకు విలాసముగా నుండును: పచ్చికబయలులో నడక, నడుమనడుమ కఱ్ఱతో బంతిని కొట్టుట. అంతమాత్రమునకు సన్నాహమేల యని తోచును. అయితే ఆ దెబ్బకు నడుము ఒక్క క్షణములో మెలిపడి విడివడును. గోల్ఫ్ ఆడువారికి తఱచుగా కలుగు బాధలలో నడుమునొప్పి ముఖ్యమైనది. అందుచే తెలిసినవారు ముందు కొంత నడచి, భుజములు త్రిప్పి, బంతి లేకుండ కఱ్ఱను మెల్లగా ఆడించి, పొట్టికఱ్ఱతో చిన్న దెబ్బలు కొట్టి, ఆ తరువాతనే పొడుగుకఱ్ఱ చేపట్టుదురు. మా ఉద్దానమున గోల్ఫ్ లేదు గాని నడుమును మెలిపెట్టు పనులకు కొదువ లేదు. కొబ్బరిచెట్టునకు పాదు త్రవ్వు స్త్రీకిని, నిండుబిందెను చంకకెత్తుకొను స్త్రీకిని ఆ మెలికయే కదా!

మెల్లని కదలికచే కండరములలోనికి రక్తప్రసారము హెచ్చును. వాని వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరుగును. నరములలో వార్త వడిగా నడచును. కీళ్లలోని జిగురు పలుచనై కదలిక సులభమగును. గుండెయు ఒక్కసారిగా దౌడు తీయక క్రమముగా వేగమందుకొనును.

మన పూర్వులు ఈ క్రమమును ఎఱుగనివారు కారు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు తైలాభ్యంగమును ముందును, వ్యాయామమును పిదపను ఉంచెను. బలవంతులు సైతము చలికాలమునను వసంతమునను తమ బలములో సగముమేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకును తగ్గింపవలెననియు ఆయన మతము. సగము బలము ఖర్చయిన గుఱుతేది? ఊపిరి నోటివెంట వచ్చుటయే యని సుశ్రుతుడు తెల్పెను. గడియారము చూచుకొన తీరిక లేని ఇల్లాలికి ఇంతకంటె సులభమైన కొలత నేనెఱుగను.

మా నాయనమ్మ తరమువారికి ప్రత్యేక సన్నాహము అక్కఱలేకపోయెను. చీపురుతో ఆరంభమై, కల్లాపి, ముగ్గు, నూతినీరు, ఆపైని రోకలి: తేలికనుండి బరువునకు పని తనంతట తానే మెట్లు కట్టుకొని వచ్చెడిది. అయినను వారి మోకాళ్లనొప్పులు కన్నులార చూచినదానను గనుక, ఆ కాలమంతయు ఆరోగ్యమే యని చెప్పుటకు నాకు నోరు రాదు.

నేటి ఆడుపిల్లల సంగతి వేఱు. టెక్కలికి చేరువనున్న యొక పాఠశాలలో ఆటలపందెములు చూడబోతిని. అతిథుల ఉపన్యాసములు ముగియువఱకు పిల్లలు గంటన్నరసేపు కదలక కూర్చుండిరి. ఈల వినబడగానే పఱుగు. ఏడవ తరగతి పిల్ల యొకతె సగము దారిలో తొడ పట్టుకొని కూలబడెను. ‘బలము లేని పిల్ల’ యని వెనుకనుండి ఎవరో అనిరి. ఆ పిల్ల తల్లి నా ప్రక్కనే యుండెను. “బలం లేక కాదమ్మగారూ, నిన్న నాతోపాటు కొబ్బరికాయలు మోసినాది” అని ఆమె కన్నీరు తుడుచుకొనెను. ఉపన్యాసమునకును పఱుగునకును నడుమ పది నిమిషములు విడువరాదా యని ఇంటికి వచ్చి మా వారిని అడిగితిని. ఉపన్యాసములను పది నిమిషములు తగ్గించుట పిల్లలను పఱుగెత్తించుటకంటె కష్టమని ఉపాధ్యాయులైన వారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు.

సోదరీమణులారా, చేయవలసినది ఏమంత కష్టము కాదు. చీర కుచ్చెళ్లు కాలికి అడ్డుపడకుండ దోపుకొని, మొదట రెండు మూడు నిమిషములు వడి పెంచుకొనుచు నడువవలెను. ఒక చేత గోడ పట్టుకొని ఒక్కొక్క కాలిని ముందువెనుకలకు ఊయలవలె పదిసారులు ఊపవలెను. చేతులను భుజములనుండి పెద్ద చుట్లుగా త్రిప్పవలెను. నడుమును కుడియెడమలకు మెల్లగా త్రిప్పవలెనే గాని విసరరాదు. పీటమీద కూర్చుండబోయి లేచినట్లు ఎనిమిది పదిసారులు సగము వంగి లేవవలెను. చివర, చేయబోవు పనినే తేలికగా చేసి చూడవలెను: పందెమైన మెల్లని పఱుగు, కబడ్డీయైన చిన్న అడుగులతో మలుపులు, మట్టిపనియైన వట్టి పారతో నాలుగు ఊపులు. నుదుట తొలిచెమట పొడమిన చాలును. కాలు చాచి వంగి కదలక నిలుచుటయే సన్నాహమని పలువురు తలంతురు. ఒక్కొక్క కండరమును నిమిషమునకు మించి అట్లు లాగిపట్టినచో దాని బలము అప్పటికి కొంత తగ్గునని పరిశోధనలు తెల్పుచున్నవి. దానిని ఆట ముగిసిన పిదప చేసికొనుట మేలు. మాఘమాసపు తెల్లవారుజామున పది నిమిషములు పట్టు సన్నాహమునకు వైశాఖపు ఉక్కలో ఐదే చాలును, అదియు నీడలో.

పలాస కాశీబుగ్గల జీడికార్ఖానాలలో స్త్రీలు గంటలకొలది ఒకేచోట కూర్చుండి జీడిపిక్కలు కొట్టి, పప్పు పొట్టు తీయుదురు. వారికి కీడు చేయునది పఱుగు కాదు, కదలకుండుట. గంటకొకసారి లేచి పది అడుగులు నడచి భుజములు త్రిప్పుకొన్నను కొంత మేలు. సాయంకాలమునకు నడుము పట్టినచో అంగడిలో నొప్పిబిళ్ల కొని మ్రింగుట పరిపాటియైనది. నా భయమంతయు ఇచటనే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానపు మండలములను మూత్రపిండవ్యాధి ఎట్లు పీడించుచున్నదో మనయిండ్లలో తెలియనివారు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. వ్యాధి మూలకారణమింకను నిశ్చయముగా తేలలేదు. కాని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలగు నొప్పిబిళ్లలు, అందును చెమటచే నీరు తగ్గిన శరీరమున, మూత్రపిండములకు హాని చేయుననుటలో వైద్యులకు భేదాభిప్రాయము లేదు. పది నిమిషముల సన్నాహము దినమంతటి కూలిని తేలిక చేయునని నేననను; పనివేళలును కూలిలెక్కలును వేఱొక చర్చ. బెణుకు ఒకటి తప్పినచో బిళ్ల ఒకటి తప్పును, అంతే.

శ్రమకు ముందును నడుమను నీరు త్రాగుట మఱువరాదు. మూత్రపిండవ్యాధి కలవారు మాత్రము ఎంత నీరు త్రాగవలెనో తమ వైద్యుని అడిగియే త్రాగవలెను. గుండెజబ్బు కలవారును, బాలింతలును వైద్యుని అనుమతి పొందనిదే కొత్త వ్యాయామము పూనుకొనరాదు. ఱొమ్మున నొప్పి గాని, కన్నులు తిరుగుట గాని తోచినచో ఆ క్షణమే పని విడిచి, నీడకు చేరి, ప్రక్కవారిని పిలువవలెను.