ఆటస్థలమున కుదురు నమ్మకము



మన భాషలో ‘పరపతి’ అను మాటకు రెండు అర్థములు కలవు. ఒకటి అప్పు, రెండవది పలుకుబడి. మాట చెల్లని చోట అప్పు పుట్టదని మన పెద్దలు ఎరిగినదే. ఇది రుణగ్రహీతకు ఎంత వర్తించునో, అరువుమీద సరకు ఇచ్చు డీలరుకును అంతే వర్తించును. కొత్త ప్రాంతమున ఆ మాట చెల్లునట్లు చేసికొనుటకు ఒక మార్గము, ఖాతాదారులు ఆడు ఆటను వారితో కలసి తానును ఆడుట.

హథ్‌ఖోజ్ పరిస్థితి

భిలాయి ఉక్కు కర్మాగారమునకై 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందము జరిగినది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కర్మాగారపు నీడన పెరిగిన పారిశ్రామిక వాడలలో హథ్‌ఖోజ్ ఒకటి. ఇనుమును కోయుట, వంచుట, అతుకుట ఇచ్చటి చిన్న పరిశ్రమలకు నిత్యకృత్యము. ఉపాధికై వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. చుట్టుపట్ల దుర్గ్ జిల్లా గ్రామములలో వరి ప్రధానమైన పంట.

ఇచ్చట వ్యవసాయ పనిముట్లు అమ్ము తెలుగు డీలరు ఒకరు కలరని అనుకొందము. కొనువాడు ఛత్తీస్‌గఢీ మాటలాడు రైతు. భాష వేరు, ఊరు వేరు. దుకాణపు బల్లకు ఇరువైపుల నిలిచినంత కాలము ఒకరు అమ్మువారు, మరొకరు కొనువారు మాత్రమే.

హరేలీ పండుగ

శ్రావణ అమావాస్యనాడు ఛత్తీస్‌గఢ్ రైతులు హరేలీ జరుపుకొందురు. నాగలి మొదలగు పనిముట్లను కడిగి పూజింతురు. యువకులు ‘గేడీ’ అను వెదురు కొయ్యకాళ్ళపై నడచి పందెములు వేసికొందురు. 2022 అక్టోబరు 6న ఆరంభమైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్ పోటీలలో గేడీ పరుగు, కబడ్డీ, ఖోఖో, గిల్లీదండా వంటి ఆటలకు చోటు దొరకినది. అందు నలువది ఏండ్లు దాటినవారికి ప్రత్యేక విభాగము ఉండెను. కావున వయసు మీరినదని డీలరు వెనుదీయ నక్కరలేదు.

గేడీ ఎక్కి తూలిపడిన డీలరును చూచి ఊరు నవ్వును. అట్లు నవ్విన ఊరు అతనిని పరాయివానిగా చూచుట మానుటకు మొదలిడును. కబడ్డీలో తనను తాకిన సంగతి న్యాయనిర్ణేత చూడకున్నను, తానే ఒప్పుకొని బయటకు నడచినవాని తూకముపై రైతుకు అనుమానము తగ్గును. మనిషి నడత మాటలకంటె ఆటలో త్వరగా బయటపడును.

కొలిమి చెప్పు పాఠము

అమెరికాలో ఇవాన్ షుయినార్డ్ అను యువకుడు కొండలెక్కుటలో ఆసక్తి గలవాడు. 1957లో పాత బొగ్గు కొలిమిని కొని, కమ్మరపు పని స్వయముగా నేర్చుకొని, బండ పగుళ్ళలో దిగగొట్టు ఉక్కు మేకులు చేసి తోటివారికి అమ్మెను. తాను వ్రేలాడు మేకునే అమ్ముచున్నాడు గనుక కొనువారు నమ్మిరి. 1970 నాటికి అతని సంస్థ ఆ దేశమున ఆ సామగ్రికి అతి పెద్ద సరఫరాదారు అయ్యెను. అయితే పదేపదే మేకులు కొట్టుటవలన బండలు చెడుచున్నవని కొండపై అతడే కనుగొనెను. ఆదాయములో అధిక భాగము మేకులదే అయినను, 1972 నాటి జాబితాలో సుత్తి అక్కరలేని అల్యూమినియం బిళ్ళలను సిఫారసు చేసెను. ఆటలో తానును ఉన్నవానికి తన సరకులోని దోషము ముందుగా తెలియును. దానిని దాచక చెప్పినప్పుడే నమ్మకము నిలుచును.

పాటింపవలసిన నియమములు

1. పండుగకు ఒక్కనాడు కనబడి మరలిపోరాదు. ఏడాది పొడవునా సాధనకు వెళ్ళవలెను.

2. ఆటస్థలమున బేరము, బాకీ ప్రస్తావన తేరాదు. ఆ మాటలకు దుకాణమే చోటు.

3. బహుమతి ఇచ్చి గెలుపు కొనరాదు. ఓటమిని నిండు మనసుతో అంగీకరింపవలెను.

4. డబ్బు పందెములకు దూరముగా ఉండవలెను.

రుణగ్రహీతలకు హెచ్చరిక

స్నేహము వేరు, లెక్క వేరు. తోటి ఆటగాడను మొగమాటమున అవసరము లేని యంత్రము కొనరాదు. చదువని పత్రముపై జామీను సంతకము చేయరాదు. పంట రుణమును పోటీల ఖర్చుకు మళ్ళింపరాదు. ప్రతి చెల్లింపునకు రసీదు అడుగుడు. నిజమైన స్నేహితుడు అందుకు నొచ్చుకొనడు. డీలరులు సైతము వాయిదా తేదీలను స్పష్టముగా వ్రాసి ఇయ్యవలెను. పంట చేతికి రాకమునుపే తోటి ఆటగాని ఇంటి ముందు బాకీకై నిలిచినచో, ఏండ్ల తరబడి ఆటలో ఆర్జించిన మాట ఒక్కనాటితో పోవును. అట్లని బాకీ అడుగుటకే జంకినచో వ్యాపారము నిలువదు. కావున పంట అమ్ముడుపోవు కాలమునకు వాయిదా కుదుర్చుకొనుట ఉభయులకు క్షేమము.

జాతీయ వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు 1982లో వికాస్ వాలంటీర్ వాహిని కార్యక్రమమును ఆరంభించినది. తరువాత ఇవియే రైతు క్లబ్బులుగా పిలువబడినవి. సకాలమున వాయిదా చెల్లించుట ఆ కార్యక్రమపు సూత్రములలో ఒకటి. ఆటలో నియమము తప్పనివాడు అప్పులోను తప్పడని ఊరివారు తలతురు. ఆ తలంపును నిజము చేయుట మీ చేతిలోనే కలదు.