ఎత్తు సంగతి తర్వాత, ముందు మెడ చూడండి

కాళ్లూ చేతులూ పొట్టిగా పుట్టిన బిడ్డను చూడగానే అందరూ అడిగేది ఒక్కటే: ఎత్తు పెరగడానికి మందుందా? ఈ ప్రశ్నతోనే నాకు పేచీ. అకాండ్రోప్లేజియా ఉన్న పసిబిడ్డకు మొదటి రెండేళ్లలో కొలవాల్సింది ఎత్తొక్కటే కాదు. ప్రమాదం మెడలో ఉంటుంది. దాదాపు 25 వేల కాన్పుల్లో ఒకరికి వచ్చే ఈ స్థితికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్-3 అనే జన్యువులో మార్పు కారణమని 1994లో తేలింది. ఇలాంటి పిల్లల్లో 80 శాతం మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని తల్లిని ఆడిపోసుకోవడం శుద్ధ దండగ.

ఆ జన్యువు మృదులాస్థి ఎదుగుదలకు బ్రేకు లాంటిది. మార్పు వస్తే బ్రేకు తొక్కిపెట్టే ఉంటుంది. తొడ ఎముక మృదులాస్థి నుంచే ఎదగాలి కాబట్టి పొట్టిదవుతుంది. పుర్రె పైకప్పు పొర నుంచి నేరుగా ఎముకవుతుంది కాబట్టి తల పెద్దగానే ఉంటుంది. పుర్రె అడుగు మాత్రం మళ్లీ మృదులాస్థి సంతానమే. వెన్నుపాము కిందికి దిగే రంధ్రం అక్కడే ఇరుకవుతుంది. హైదరాబాద్‌లో మూసీ పొంగి చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేసిన రోజు ఎలా ఉంటుంది? కోఠి రోడ్డు అదే, మలక్‌పేట రోడ్డూ అదే. బండ్లన్నీ పెద్ద వంతెన మీదే పడతాయి. బండ్లలో లోపం లేదు, దాటే చోటే చాలదు. ఆ వరసలో ఇరుక్కున్న అంబులెన్సే శ్వాసను నడిపే సంకేతం. వెన్నుపాము చెడ్డది కాదు, నొక్కుడు పడి చెడుతుంది. అందుకే సకాలంలో ఆపరేషన్ చేసి దారి వెడల్పు చేస్తే ఫలితం ఉంటుంది.

ఇలాంటి పిల్లలు ఎలాగూ ఆలస్యంగానే నడుస్తారు కదా అంటారు. నిజమే. కానీ నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, పాదాన్ని పైకి నెడితే టకటకా కొట్టుకోవడం, వచ్చిన నడక పోవడం ఆలస్యం కింద రావు. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. అక్కర ఎవరికుందో చెప్పేది నిద్ర పరీక్ష, ఎమ్మారై. పొట్టితనం తెచ్చే మరో జబ్బు మోర్కియోలో ఇబ్బంది వేరే చోట: మెడలో రెండో పూసకుండే మేకులాంటి ఎముక సరిగా ఎదగక మెడ పట్టు తప్పుతుంది. ఈ రెంటిలో ఏదున్నా, నలుగు పెట్టి మెడ సాగదీసే ముచ్చట మానుకోవాలి.

ఒకప్పుడు నాంపల్లిలో ఉండి ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీని, నిమ్స్ ఆసుపత్రితో కలిపి, 2021 అరుదైన వ్యాధుల విధానం కింద ప్రత్యేక కేంద్రంగా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది. జన్యు పరీక్షకు అటు వెళ్లండి. ఈలోగా పన్నుకో, హెర్నియాకో మత్తు ఇవ్వాల్సి వస్తే, మెడ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.