రెండు ఎలక్ట్రానుల చిక్కు

ఉదజని పరమాణువునందు కేంద్రకము చుట్టును ఉన్న ఎలక్ట్రాను ఒక్కటే. ష్రోడింగరు పండితుడు 1926లో వెలువరించిన సమీకరణము దానికి పరిపూర్ణ సమాధానము నిచ్చినది. తరువాతిదగు హీలియమునందు ఎలక్ట్రానులు రెండు. ఒకటి హెచ్చినంతమాత్రమున వచ్చిన కష్టమేమని బాలురు అడుగవచ్చును. కేంద్రకము రెంటిని ఆకర్షించును. ఆ రెండును ఒకదానినొకటి వికర్షించుకొనును. మొదటిదాని నడత తెలియనిదే రెండవదాని నడత తెలియదు. రెండవది తెలియనిదే మొదటిది తెలియదు. కావున ఇచ్చట ఉజ్జాయింపులే శరణ్యము.

హీలియము యొక్క రెండు ఎలక్ట్రానులను పూర్తిగా ఊడదీయుటకు 79.0 ఎలక్ట్రాను వోల్టుల శక్తి కావలెనని ప్రయోగములు తెలుపుచున్నవి. వికర్షణమును బొత్తిగా విడిచి లెక్కించినచో 108.8 వచ్చును. ఇట్టి లెక్క దేనికి పనికివచ్చును?

1928లో ఇంగ్లండు దేశీయుడగు డగ్లస్ హార్ట్రీ ఒక యుపాయము చూపెను. సంతలో నడచువాడు ప్రతి మనిషి యడుగును లెక్కపెట్టడు. జనము ఎచ్చట దట్టముగా నున్నదో చూచుకొని దారి తీయును. అట్లే ప్రతి ఎలక్ట్రానును తక్కినవన్నియు కలిసి యేర్పడిన యొక విద్యున్మేఘములో సంచరించునని ఆయన యెంచెను. ఆ మేఘము రూపు ముందుగా తెలియదు గదా! అందుచే మొదట ఒక రూపు నూహించి, దానిలో ఎలక్ట్రాను నడతను గణించి, ఆ నడతనుండి క్రొత్త మేఘమును కట్టి, మరల గణింపవలెను. ఊహించిన మేఘమును గణనమున వచ్చిన మేఘమును ఒక్కటియగువఱకు ఈ పని సాగును. ఆ దినములలో ఇది యెంతో శ్రమతో కూడిన లెక్క. ఉద్యోగము విరమించిన ఆయన తండ్రి విలియం హార్ట్రీ దీనిలో తోడ్పడెను. కుమారుని సిద్ధాంతమునకు తండ్రి లెక్కలు కట్టిపెట్టుట మాకు ముచ్చట గొలుపుచున్నది.

ఈ పద్ధతివలన హీలియమునకు 77.9 వచ్చును. లోటు 1.1 మాత్రమే యని తృప్తిపడరాదు. రెండు ఉదజని పరమాణువులను కలిపి పట్టియుంచు బంధమే 4.5, అట్టి బంధముల నంచనా వేయు రసాయనశాస్త్రజ్ఞునకు 1 పెద్ద తప్పు. సంతలో ఎదురుగా వచ్చిన మనిషిని చూచి మనము ప్రక్కకు తొలగుదుము. ఎలక్ట్రానులును అట్లే తొలగును. సగటు మేఘమున ఆ తొలగుట లేదు. లోటంతయు అచ్చటనే యున్నది.

నార్వే దేశీయుడగు హిల్లెరాస్ 1929లో రెండు ఎలక్ట్రానుల నడిమి దూరమునే గణనములోనికి తెచ్చి ప్రయోగఫలమునకు అత్యంత సమీపమునకు వచ్చెను. అయితే ఎలక్ట్రానులు పెరిగినకొలది ఈ దారి దుర్గమము. ఇనుమునందు 26 ఎలక్ట్రానులు. ఒక్కొక్కదాని స్థానమునకు మూడేసి కొలతల చొప్పున 78 కొలతలు. కొలతకు పదేసి విలువలే తీసికొన్నను, 1 ప్రక్కన 78 సున్నలు గల పట్టిక కావలెను. దానిని వ్రాయుటకు కాగిత మెచ్చటిది?

1964లో హోహెన్‌బర్గు, కోను పండితులు ఎలక్ట్రానుల సాంద్రత యొక్కటి తెలిసిన చాలునని నిరూపించిరి. దానికి మూడు కొలతలే. కోను పండితునకు 1998లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. సాంద్రతనుండి శక్తిని తెలుపు సూత్రములో ఒక భాగమును మాత్రము నేటికిని ఉజ్జాయింపుగనే వ్రాయుచున్నారు.