సెలవుల్లో పిల్లల్ని చూసుకునే మనిషికి ఏమిచ్చి వెళ్తున్నాం?



ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ రెండోవారంలో. ఈ ఏడువారాలూ ఉద్యోగానికి వెళ్ళే తల్లే కాదు, ఇంటిపట్టున ఉండే ఇల్లాలు కూడా ఆవకాయలు, వడియాలు, పెళ్ళిపిలుపులతో తీరికలేక పిల్లల్ని ఆయాకో, పనిమనిషికో, ముసలి అవ్వకో అప్పజెబుతుంది. "కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అంటుంది. అంతటితో సరిపెడితే ఆమెకు మిగిలే దారులు రెండే. కసురుకోవడం, లేదా సెల్‌ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టడం. కనుక ఆమెకు మనం మూడు అప్పగించి వెళ్ళాలి: వేళలు, వస్తువులు, అధికారం.

వాటికంటే ముందు ఇంకొక మాట. చంటిపిల్లను ఎత్తుకోవడానికి పదేళ్ళ పిల్లను పెట్టుకోవడం మనలో పాత అలవాటు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నేరం. మన మార్కాపురం వారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. పలకల పనిలో పసివాళ్ళు మగ్గిపోతున్నారనే 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక పథకంలో తొలివిడతలోనే మన ఊరిని చేర్చారు. ఆయా వెంట ఆమె కూతురు వచ్చిందనుకోండి, ఆ పిల్లను కూడా ఆటలో కూర్చోబెట్టండి. చంకకు బిడ్డనెత్తకండి.

ఇక వేళలు. మన ప్రాంతపు ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పొద్దున్నే పదిగంటల లోపు బయటి ఆటలు: తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు. పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లో నీడపట్టున. సాయంత్రం వాకిట్లోనో, చెన్నకేశవస్వామి గుడి దాకానో. మధ్యమధ్య మజ్జిగ, నిమ్మకాయనీళ్ళు, రాగి అంబలి అడగకుండానే ఇవ్వాలని చెప్పండి. ఆటలో పడ్డ పిల్లలకు దాహం గుర్తుండదు.

వస్తువులకు బజారుకు పోనక్కరలేదు. ఒక బుట్టలో చింతగింజలు, గవ్వలు, సుద్దముక్కలు, పాత గుడ్డపీలికలు, వెడల్పాటి పలక ఒకటి పెట్టండి. దేశమంతా అక్షరాలు దిద్దించిన పలక మన ఊరిది. దానిమీద సుద్దతో గీతలు గీస్తే పులి-మేక ఆట తయారు. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేకమీంచి దూకి దాన్ని తింటుంది. మేకలన్నీ కూడబలుక్కుని నిలబడితే పులికి కదిలే దారుండదు. మధ్యాహ్నం రెండుగంటలు ఇట్టే గడిచిపోతాయి. వామనగుంటలకు పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతగింజలు. మొత్తం ఎన్ని అని అడిగితే ఎక్కం అదే వస్తుంది.

రెండు జాగ్రత్తలున్నాయి. మూడేళ్ళలోపు బిడ్డ దగ్గర గింజలు, గవ్వలు ఉంచకూడదు; గొంతులో అడ్డం పడతాయి. రెండోది, పలకరాతిని పిల్లలు అరగదీయకూడదు, పొడిని నోటితో ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి. పలకమీద రాసుకున్నందుకు జబ్బు రాదుగాని, రాతిని కోసే చోట పొడి ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికులకు వచ్చే సిలికోసిస్ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, నయం కాదు. పలకలు కడిగిన నీళ్ళు పారబోయక మొక్కలకు పోయించండి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్ళు మనవి.

అవ్వకు చదువు రాకపోవచ్చు. కాని ఆమెకు వచ్చిన పొడుపుకథలు మన పుస్తకాల్లో దొరకవు. ఆమె రోజుకొకటి చెప్పాలి, పిల్లవాడు దాన్ని పలకమీద రాయాలి. ఆమెకు ఇష్టమైతే ఆమె పేరు రాయడం వాడే నేర్పాలి. సెలవులయ్యేసరికి ఇద్దరికీ చదువే.

నీళ్ళ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. చెరువు, బావి, నీళ్ళు నిలిచిన రాతిగని గుంత, వీటి దగ్గరికి ఆయా ఒక్కతే పిల్లల్ని తీసుకుపోకూడదు. ఇద్దరు పిల్లలు చెరో పక్కకు పరుగెడితే ఆమె ఒక్కతే ఏం చేయగలదు? కంభం చెరువు చూపించాలంటే ఆదివారం మీరే తీసుకెళ్ళండి. మార్కాపురం రోడ్డులో నంద్యాల వైపు రైలెక్కితే చాలు. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ చెరువును 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించారు. గట్టుమీద నిలబడి చెబితే పిల్లలకు చరిత్ర మనసుకెక్కుతుంది.

వంటింటి గోడమీద ఈ రెండూ పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, ఆమెకు చదివి వినిపించండి. విరేచనాలైతే: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చిన్నచెంచాతో తలకొట్టి కొలవాలి. ఎండదెబ్బకు ఒళ్ళు కాలిపోతూ బిడ్డ మగతగా ఉంటే: నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. స్పృహలేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయరాదు.

చివరిది అధికారం. "నేను వచ్చేదాకా అవ్వ మాటే నా మాట" అని పిల్లల ముందే చెప్పండి. వాళ్ళ ఎదుట ఆమెను తక్కువచేసి మాట్లాడితే మర్నాడు వాళ్ళు ఆమె మాట వినరు. చెరువు వైపు పోవద్దన్నా వినరు. ఆమెకు వేళకు అన్నం, మధ్యాహ్నం కాసేపు నడుంవాల్చే వీలు, వారానికో సెలవు ఇవ్వండి. సెలవుల్లో పని పెరిగింది కనుక జీతమూ పెంచండి. మన ఇంట్లోని అన్నిటికన్నా విలువైనదాన్ని ఆమె చేతిలో పెట్టి పోతున్నాం గదా!